మంచు బాటలో మజిలీ

పూర్వం మనవారు కాశీయాత్రకు పోతే దారి పొడుగునా మజిలీలు ఉండేవి. 1830లో చెన్నపట్టణం నుంచి బయలుదేరి 1831లో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ కాశీయాత్ర చరిత్రలో దిగిన మజిలీలన్నీ పేరు పేరున వ్రాసినారు. ఆ ఊళ్ళో నీళ్ళు ఎటువంటివి, అంగళ్ళు ఉన్నవా లేవా, దిగడానికి వసతి ఎట్లా ఉన్నది అనే సంగతులు ఆయన గ్రంథంలో అడుగడుగునా కనబడతవి. వెనుక వచ్చే బాటసారికి మొట్టమొదట కావలసిన సమాచారం అదే గదా.

ఊరూ, బావీ, సత్రమూ ఏమీ లేని దేశంలో ప్రయాణం చేయవలసి వస్తే ఈ మజిలీ సంగతి ఏమి కావలె? దక్షిణ ధ్రువ ఖండం అటువంటి దేశం. తీరం విడిచి లోపలికి పోయిన కొద్దీ తినడానికి ఒక ప్రాణి దొరకదు, కాల్చడానికి ఒక పుల్ల దొరకదు. నీళ్ళు కావలెనన్నా మంచును కరిగించుకోవలె. దానికి కిరసనాయిలు కావలె. అక్కడ మజిలీ కావలెనంటే బాటసారి తానే ముందుగా పోయి దానిని కట్టుకొని రావలె.

ధ్రువయాత్రల కథ చెప్పేటప్పుడు ఎవరు ముందు చేరినారు, రోజుకు ఎంత దూరం నడిచినారు అన్నవే ప్రధానంగా చెబుతూ ఉంటారు. నడవకుండా ఆగిన రోజులకు ఒక వాక్యం దక్కడం కూడా కష్టం. మేము ఈ ప్రసంగంలో ఆ ఆగిన రోజులను గూర్చియే చెప్పదలచినాము. 1911, 1912 సంవత్సరాలలో దక్షిణ ధ్రువానికి పోయిన రెండు బృందాల భాగ్యం చాలావరకు మజిలీలలోనే తేలిపోయినదని మా అభిప్రాయం.

నార్వే దేశీయుడు రోఆల్డ్ అముండ్సెన్ ఫ్రామ్ అనే ఓడలో 1911 జనవరి 14న ఆ ఖండపు అంచున ఉన్న తిమింగిలాల అఖాతం చేరినాడు. వెంట తెచ్చిన చెక్క ఇంటిని మంచుమీద నిలిపి దానికి ఫ్రామ్‌హైమ్ అని పేరు పెట్టినాడు. దక్షిణార్ధగోళంలో అది వేసవి. ఏప్రిల్ చివర అస్తమించిన సూర్యుడు అక్కడ మళ్ళీ ఆగస్టు చివరగాని కనిపించడు. ఈ లోపల ఉన్న కొద్దిపాటి వెలుగు దినాలను అముండ్సెన్ మజిలీలు కట్టడానికి వినియోగించినాడు. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు మూడు పర్యాయాలు కుక్కల బండ్లమీద సరుకులు మోయించి దక్షిణ అక్షాంశం 80, 81, 82 డిగ్రీల వద్ద మూడు డిపోలు పెట్టించినాడు. డిగ్రీకీ డిగ్రీకీ నడుమ దూరం సుమారు 111 కిలోమీటర్లు. మూడు డిపోలలోనూ కలిపి చేర్చిన సరుకు దాదాపు 3 టన్నులు. సీల్ జంతువుల మాంసం, ఎండించి పొడిచేసిన మాంసంలో కొవ్వు కలిపి చేసే పెమ్మికన్, బిస్కెట్లు, కిరసనాయిలు అందులో ముఖ్యమైనవి.

సరుకు చేర్చడం ఒక ఎత్తు. ఎటు చూసినా ఒకే తెలుపుగా ఉండే ఆ మైదానంలో దానిని మళ్ళీ కనుగొనడం మరొక ఎత్తు. మంచుపొగ కమ్మినప్పుడు మనిషి పెద్ద గుట్టను కూడా చూడకుండా పక్కగా దాటిపోగలడు. అందుచేత 80 డిగ్రీల డిపోకు తూర్పుగా పది, పడమరగా పది వెదురు కర్రలు నాటి వాటికి నల్లని జెండాలు కట్టినారు. జెండాకూ జెండాకూ దూరం సుమారు 900 మీటర్లు. అంటే డిపో ఒక చిన్న గుట్టే అయినా, దారికి అడ్డంగా 18 కిలోమీటర్ల పొడుగున దాని చేతులు చాపి ఉంచినట్లయినది. ప్రతి జెండామీదా ఒక అంకె ఉండేది. దారి తప్పినవాడు ఏ జెండాను చూసినా, డిపో తనకు కుడివైపున ఉన్నదో ఎడమవైపున ఉన్నదో, ఎంత దూరాన ఉన్నదో ఆ అంకె చెబుతుంది. తక్కిన డిపోలకు కూడా దారికి అడ్డంగానే గుర్తులు పెట్టినారు. మొదటి పర్యాయం తిరిగివచ్చేటప్పుడు జెండాలు చాలకపోతే ఎండుచేపలను మంచులో నిలువుగా గుచ్చుకొంటూ వచ్చినారు. దారికి గుర్తులూ అవే, తరువాత కుక్కలకు మేతా అవే.

చీకటి నెలలలో ఇంటిలో జరిగిన పని కూడా మజిలీకి సంబంధించినదే. యాల్మార్ యోహాన్సెన్ అనే ఆయన ఆహారాన్నంతా లెక్కపెట్టి పెట్టెలకు ఎత్తినాడు. పెట్టెల మూతలు గుండ్రంగా, టీ డబ్బా మూతలవలె ఉండేవి. బండికి బిగించిన తాళ్ళు విప్పకుండానే మూత తీసి ఆ పూటకు కావలసినది తీసుకోవచ్చును. చేతివేళ్ళు కొంకర్లుపోయే చలిలో ప్రతి సాయంకాలమూ ముడులు విప్పి మళ్ళీ కట్టే పని లేకపోవడం ఎంత మేలో ఊహించుకోవచ్చును.

అయినా అముండ్సెన్‌కు తొందర తప్పలేదు. సెప్టెంబరు 8న, చలి ఇంకా తగ్గకముందే, తనతో కలిపి ఎనిమిదిమందిగా బయలుదేరినాడు. చలి సున్నకు దిగువ 50 డిగ్రీలు దాటినది. 80 డిగ్రీల డిపోలో సరుకు దించి 16వ తేదీకి వెనుకకు రావలసి వచ్చినది. ఆ చివరి దినం ఎవరి తొందర వారిదై బృందం చెల్లాచెదరైనది. వెనుకబడిన ఒక సహచరుణ్ణి కాపాడి ఇంటికి చేర్చినవాడు ఆ యోహాన్సెన్. మరునాడు ఉదయం ఆయన నాయకుణ్ణి అందరి ఎదుటా తప్పుపట్టినాడు. నాయకుడు ఆయనను ధ్రువయాత్ర నుంచి తొలగించినాడు. పెట్టెలు సర్దిన చేతులకు ఆ పెట్టెలను దారిలో తెరిచే భాగ్యం లేకపోయినది. 1913 జనవరిలో యోహాన్సెన్ తన దేశంలో ఆత్మహత్య చేసుకొన్నాడు. విజయగాథలో ఈ పుట కూడా ఉన్నదని మరువరాదు.

అక్టోబరు 19న అసలు ప్రయాణం మొదలైనది. ఈ పర్యాయం అయిదుగురే: అముండ్సెన్, హెల్మెర్ హాన్సెన్, స్వెర్రె హాసెల్, ఆస్కార్ విస్టింగ్, ఓలవ్ బ్యోలాండ్. బండ్లు నాలుగు, కుక్కలు 52. మనుషులకు స్కీలు. స్కీలంటే కాళ్ళకు బిగించుకొని మంచుమీద జారుతూ పోయే పొడుగాటి పలుచని చెక్కలు. నార్వేవారికి అవి చిన్ననాటినుంచి అలవాటైనవే.

80, 81, 82 డిగ్రీల డిపోలు ఒక్కొక్కటీ చేరినప్పుడు వారు ఆగినారు. ఆ రోజు చేసే పని ఏమిటి? మొదట కుక్కలకు విందు. 80 డిగ్రీల వద్ద అవి తినగలిగినంత సీల్ మాంసం పెట్టినారు. తరువాత మనుషుల పని. ఆ చలిలో చెమట పెద్ద శత్రువు. ఒంటికి పట్టిన తడి బట్టలలోనూ, మేజోళ్ళలోనూ, పడుకొనే సంచులలోనూ మంచుగా పేరుకొంటుంది. ఆరబెట్టడానికి ఒక దినం దొరకకపోతే సంచి రోజురోజుకూ బరువెక్కుతుంది, వెచ్చదనం తగ్గుతుంది. చిరిగినవి కుట్టుకోవలె, బండ్ల కట్లు బిగించుకోవలె, పెట్టెలు నింపుకోవలె, మిగిలిన బిస్కెట్లు లెక్క చూసుకోవలె. చూచేవారికి విశ్రాంతి దినం. చేసేవారికి ఇంటిపనివలె ఎడతెగని చిన్న చిన్న పనులు. ముందు జరగబోయే నడక బాగోగులు ఆ పనులమీద ఆధారపడి ఉంటవి. 80 డిగ్రీల మజిలీ తరువాత కుక్కలు ఎంత చురుకుగా ఉన్నవంటే, మనుషులు బండ్లకు తాడు కట్టి పట్టుకొని, స్కీలమీద నిలబడి వందల కిలోమీటర్లు వాటి వెంట జారుతూ పోగలిగినారు.

మామూలు రోజులలో కూడా అముండ్సెన్ నడకకు హద్దు పెట్టినాడు. చాలా రోజులు సుమారు 28 కిలోమీటర్లతో ఆగిపోయేవారు. అది అయిదారు గంటల పని. ఇంకా పోగలిగే ఓపిక ఉన్నా పోలేదు. మిగిలిన కాలమంతా భోజనానికీ, నిద్రకూ, కుక్కల సేదకూ. దారిలో అక్కడక్కడ ఆగి నిలువెత్తున మంచుదిమ్మెలు కట్టేవారు. యాత్ర మొత్తంమీద అటువంటివి 150 కట్టినారు. వాటికి కోసిన మంచుగడ్డలు 9,000. ప్రతి దిమ్మెలోనూ ఒక చీటీ పెట్టి దాని అంకె, దాని స్థానం, ఉత్తరాన ఉన్న తరువాతి దిమ్మె ఎంత దూరాన ఏ దిక్కున ఉన్నదో వ్రాసినారు. దిమ్మె కడుతున్నంతసేపూ కుక్కలకు విశ్రాంతి. ఒకే ఆగడంలో రెండు ప్రయోజనాలు నెరవేరినవి.

82 డిగ్రీలు దాటిన తరువాత ముందుగా కట్టిన మజిలీ లేదు. అక్కడినుంచి ప్రతి డిగ్రీ వద్దా తమ బండ్లమీది సరుకులోనుంచే కొంత తీసి తిరుగు ప్రయాణానికి దాచుకొంటూ పోయినారు. పోయిన కొద్దీ బరువు తగ్గుతుంది, వెనుక మజిలీలు పెరుగుతవి. నవంబరు 17న 85 డిగ్రీల వద్ద కొండల పాదం చేరినారు. 30 దినాల ఆహారం అక్కడ ఉంచి, 60 దినాల ఆహారం తీసుకొని, 42 కుక్కలతో ఆక్సెల్ హైబెర్గ్ హిమానీనదం ఎక్కడం మొదలుపెట్టినారు. నాలుగు దినాలలో 3,000 మీటర్లకు పైబడిన పీఠభూమి చేరినారు.

నవంబరు 21 సాయంకాలం ఆ యాత్రలో అన్నిటికంటె దారుణమైన మజిలీ మొదలైనది. కొండ ఎక్కడానికి 42 కుక్కలు కావలె. పైన సమతలంమీద పోవడానికి 18 చాలును. తక్కిన 24 కుక్కలను చంపి తోటి కుక్కలకూ మనుషులకూ ఆహారం చేయవలెనని బయలుదేరకముందే లెక్క వేసి ఉంచినారు. ఎవరి కుక్కలను వారే కాల్చవలెనని నియమం. అముండ్సెన్ ఆ పూట గుడారంలో వంట చేస్తున్నాడు. బయటి తుపాకి మోతలు తనకు వినబడకుండా ఉండవలెనని ప్రైమస్ స్టవ్వుకు మామూలు కంటె ఎక్కువగా గాలి కొట్టినట్లు ఆయనే తన గ్రంథంలో వ్రాసుకొన్నాడు. అయినా వినబడినవి. ఆ చోటికి వారు కసాయి దుకాణమని పేరు పెట్టినారు. రెండు దినాలు ఆగుదామనుకొంటే మంచుతుఫాను పట్టుకొన్నది. 25వ తేదీ వరకు కదలలేకపోయినారు. కాని ఆ దినాలలో వారికి తాజా మాంసం ఉన్నది. కుక్కలు కడుపారా తిని బలిసినవి. నాలుగు బండ్ల సరుకు మూడు బండ్లకు సర్దడం పూర్తయినది.

మంచుకొండ ఎక్కుతూ, తన వెంట నడిచి వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ విని పెరిగినవారము మనము. ఈ మజిలీని గూర్చి వింటే మనకు మనసు కలత చెందకుండా ఉండదు. ఆ అయిదుగురికీ కలత చెందలేదని చెప్పలేము. స్టవ్వు మోతే అందుకు సాక్ష్యం. ఆ లెక్క లేకుండా వారు ప్రాణాలతో తిరిగివచ్చేవారా అంటే, ఆ కాలపు సాధనాలతో అది చాలా కష్టమనే చెప్పవలె. చరిత్ర చదివేవారు ఈ రెండు సంగతులనూ కలిపి మనసులో ఉంచుకోవలసి ఉన్నది.

ఇక రెండవ బృందం. బ్రిటిష్ నౌకాదళాధికారి కెప్టెన్ రాబర్ట్ స్కాట్ 1911 నవంబరు 1న తన స్థావరం నుంచి బయలుదేరినాడు. ఆయన గుర్రాలనూ, కుక్కలనూ, మోటారు బండ్లనూ కొంత కొంత నమ్ముకొని, చివరి దూరాన్ని మనుషుల భుజబలంమీద వదిలినాడు. డిసెంబరు 5 నుంచి 8 వరకు బియర్డ్‌మోర్ హిమానీనదం పాదం వద్ద ఆయనను కూడా తుఫాను ఆపివేసినది. వెచ్చని తడి మంచు గుడారాలను ముంచెత్తినది. అముండ్సెన్ ఆగినదీ నాలుగు దినాలే, స్కాట్ ఆగినదీ నాలుగు దినాలే. కాని స్కాట్ బృందం ఆ దినాలలో కొండపైన తినవలసిన ఆహారాన్ని కింద కూర్చొని తినవలసి వచ్చినది. గుర్రాలు నీరసించిపోయినవి; 9వ తేదీన వాటినన్నిటినీ కాల్చివేసినారు. ఒకే రకపు ఆలస్యం ఒకరికి బలం చేకూర్చినది, మరొకరి బలం తినివేసినది.

అముండ్సెన్ డిసెంబరు 14న ధ్రువం చేరినాడు. అక్కడ కూడా మూడు దినాలు ఆగినాడు. ముగ్గురు మనుషులు మూడు దిక్కులకు స్కీలమీద సుమారు 20 కిలోమీటర్ల చొప్పున పోయి గుర్తులు నాటి వచ్చినారు. మిగిలినవారు సూర్యుని ఎత్తు కొలిచినారు. ఒక చిన్న గుడారం నిలిపి, తమ రాజుకు ఒక ఉత్తరమూ, దానిని చేరవేయవలసిందని స్కాట్‌కు ఒక ఉత్తరమూ అందులో ఉంచినారు. తిరుగు దారిలో మజిలీలు ఒక్కొక్కటీ దొరికినవి. 1912 జనవరి 25న, 99వ దినాన, అయిదుగురూ 11 కుక్కలతో ఇల్లు చేరినారు.

స్కాట్, విల్సన్, బవర్స్, ఓట్స్, ఎడ్గర్ ఎవాన్స్ జనవరి 17న ధ్రువం చేరి, ఇతరులు ముందే వచ్చి పోయినారని తెలుసుకొని వెనుదిరిగినారు. ఆ తిరుగు ప్రయాణంలో ఒక మజిలీ మన తెలుగునేలకు ఒక విధంగా చుట్టం అవుతుంది. ఫిబ్రవరి 8న బక్లీ పర్వతం కింద గాలి తగ్గి ఎండ కాసినది. స్కాట్ తక్కిన దినమంతా రాళ్ళు ఏరడానికి విడిచినాడు. అలసినవారికి ఆ పని విశ్రాంతిగానే ఉన్నది. వారు బండికి ఎత్తిన రాళ్ళు సుమారు 16 కిలోలు. తరువాత పరీక్షిస్తే వాటిలో గ్లాసాప్టెరిస్ అనే వృక్షం ఆకుల ముద్రలు బయటపడినవి. 25 కోట్ల సంవత్సరాలకు పూర్వం పెరిగిన ఆ వృక్షజాతి ముద్రలే మన గోదావరి లోయలోని బొగ్గుపొరల శిలలలోనూ దొరుకుతున్నవి. సింగరేణి బొగ్గు ఆ యుగంనాటి అడవులదే. దక్షిణ ధ్రువ ఖండమూ, మన దేశమూ ఒకప్పుడు ఒకే మహాఖండపు ముక్కలనడానికి ఆ రాళ్ళు బలమైన సాక్ష్యాలయినవి. మన గోండుల నేలను బట్టి గోండ్వానా అనే పేరు వచ్చిన మహాఖండం అది.

ఆ పూట మజిలీ శాస్త్రానికి ఎంత లాభమో, నడిచేవారికి ముందున్న మజిలీలు అంత కొరత. ఫిబ్రవరి 17న ఎవాన్స్ మరణించినాడు. డిపోలలో ఉంచిన కిరసనాయిలు డబ్బాలు తెరిచి చూస్తే నూనె తగ్గి ఉన్నది. మూతల కింది తోలు బిళ్ళలు చలికి చెడి నూనె కారిపోయినది. నూనె లేకపోతే నీళ్ళు లేవు, వేడి అన్నం లేదు, తడి ఆరే దారి లేదు. దానికి తోడు ఆ మార్చిలో చలి మామూలు కంటె చాలా ఎక్కువగా ఉన్నదని తరువాతి వాతావరణ పరిశీలకులు తేల్చినారు. నడవలేని తాను సహచరులకు భారమని తలచి ఓట్స్ గుడారం విడిచి తుఫానులోకి వెళ్ళిపోయినాడు.

ముందు వారికి మిగిలిన పెద్ద మజిలీ ఒక టన్ను డిపో. దానిని 80 డిగ్రీల వద్ద పెట్టవలెనని మొదటి సంకల్పం. 1911 ఫిబ్రవరిలో సరుకు మోసిన గుర్రాలు నీరసపడినందున 57 కిలోమీటర్లు ఇవతలనే, 79 డిగ్రీల 29 నిమిషాల వద్ద దానిని దించివేసినారు. ఒక గుర్రాన్ని చంపి అయినా ముందుకు తీసుకొనిపోదామని ఓట్స్ అన్నాడు. స్కాట్ జాలిపడి ఒప్పుకోలేదు. ఏడాది తరువాత, 1912 మార్చి చివర, స్కాట్, విల్సన్, బవర్స్ ముగ్గురూ ఆ డిపోకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో తుఫానుకు చిక్కి గుడారంలోనే మరణించినారు. 80 డిగ్రీల స్థలాన్ని వారు అప్పటికే దాటి వచ్చి ఉన్నారు. స్కాట్ దినచర్యలో చివరి తేదీ మార్చి 29. నవంబరులో వెదుకబోయినవారికి శవాలతోపాటు ఆ 16 కిలోల రాళ్ళు కూడా దొరికినవి. చివరిదాకా వారు వాటిని పారవేయలేదు.

జంతువుమీద చూపిన ఆ జాలిని మనం నిందించలేము. కసాయి దుకాణంలోని లెక్కను మెచ్చుకొని ఊరుకోనూలేము. కాని మజిలీ అన్నది ముందుగా ఆలోచించి, ముందుగా త్యాగం చేసి కట్టుకోవలసిన వస్తువు అన్న సత్యం ఈ రెండు యాత్రలూ చూసినవారికి స్పష్టమవుతుంది. ఓపిక ఉన్న రోజున దానిని ఎక్కడ పెట్టినామో, ఓపిక పోయిన రోజున అక్కడికే చేరవలె.

అముండ్సెన్ తిరిగివస్తూ 1912 జనవరి 6న బెట్టీ అనే కొండమీద రాళ్ళతో ఒక దిమ్మె కట్టినాడు. అందులో తమ యాత్రా వివరం వ్రాసిన చీటీతోపాటు 17 లీటర్ల కిరసనాయిలు డబ్బా ఒకటి, అగ్గిపెట్టెలు ఇరవై ఉంచినాడు. తనకు వాటితో ఇక పనిలేదు. ఎప్పుడో ఎవరో ఆ దారిన వస్తే పనికివస్తవని అతని తలపు. దాదాపు 18 సంవత్సరాల తరువాత, 1929 డిసెంబరులో, అమెరికా యాత్రికబృందంలోని భూగర్భశాస్త్రజ్ఞుడు లారెన్స్ గూల్డ్ ఆ కొండకు వచ్చి దిమ్మెను చూసినాడు. అందులో ఉంచినవి ఉన్నవి ఉన్నట్లే ఉన్నవి.